మాజీ సైనికుడు బేకరీ పెడితే

బ్యాంకు గుమ్మం దగ్గరో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో, ఆస్పత్రి పార్కింగులోనో మాజీ సైనికుడు కనిపించని పట్టణం ఉండదు. ఒంటి మీద మళ్లీ యూనిఫామే. రంగు మారింది, జీతం తగ్గింది, అంతే తేడా. మన దేశంలో ఏటా దాదాపు 60,000 మంది త్రివిధ దళాల నుంచి బయటికొస్తారు. అందులో ఎక్కువమంది జవాన్లే. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు చేరి, పింఛనుకు కావలసిన 15 ఏళ్ల సర్వీసు పూర్తయిన కొన్నేళ్లకు వచ్చేస్తారు కాబట్టి చాలామందికి అప్పటికి నలభై అటూ ఇటూగా ఉంటాయి. పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు. మరో పాతికేళ్లు పనిచేయగల ఒళ్లు. ఇలాంటి మనిషికి మనం చూపించే రెండో ఉద్యోగం గేటు తీసి వేయడం. అతనికి ఇంకేమీ చేతకాదని కాదు, దారి అటే వేసి ఉంది. రక్షణ శాఖ కింద ఉన్న పునరావాస విభాగం, అందరూ డీజీఆర్ అనేది, మాజీ అధికారులు నడిపే సెక్యూరిటీ ఏజెన్సీలను నమోదు చేసుకుని ప్రభుత్వరంగ సంస్థలకు పంపిస్తుంది. ఢిల్లీ చుట్టుపక్కల పాల బూత్‌లు, కూరగాయల దుకాణాలు ఇప్పించే పథకాలూ ఉన్నాయి. కాపలాకీ, కౌంటరుకీ బాట ఉంది. చేతిపనికి అంత సాఫీ బాట లేదు.

ఆ చేతిపనుల్లో బేకరీ ఒకటి. సైన్యం నుంచి వచ్చినవాడు బేకరీ పెడతానంటే మనవాళ్లు రెండు రకాలుగా స్పందిస్తారు. ఒకరు నవ్వుతారు: తుపాకీ పట్టిన చేత్తో క్రీమ్ బన్నులా? ఇంకొకరు భుజం తడతారు: మిలటరీ క్రమశిక్షణ ఉంది కదా, తెల్లవారుజామున మూడింటికి లేస్తావు, నీకేం తక్కువ? మొదటివారి సంగతి పక్కన పెడదాం. ప్రమాదమల్లా రెండోవారితోనే. ఎందుకంటే బేకరీలో సైనికుడికి పనికొచ్చేది క్రమశిక్షణ కాదు, కనీసం జనం అనుకునే అర్థంలో కాదు. తెల్లవారుజామున లేవడం పాలవాడికీ వచ్చు, పూలమ్మే ఆమెకీ వచ్చు. సైనికుడు వెంట తెచ్చుకునే అసలు సరుకు వేరే ఉంది. అతని దగ్గర అసలు లేనిదీ ఒకటుంది. ఆ రెండో దాన్ని సంపాదించుకునే వ్యవధి కొనుక్కోకుండా ముందే ఓవెన్ కొనుక్కున్నవాడి పింఛను డబ్బు ఆ ఓవెన్‌లోకే పోతుంది.

నిజానికి దక్కన్‌లో సైన్యమూ బ్రెడ్డూ కొత్త చుట్టాలు కావు. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ వెలిసింది. తెల్ల సిపాయిలు ఎక్కడుంటే అక్కడికి వారి రోజువారీ రొట్టె వెళ్లాల్సిందే. జొన్నరొట్టె, అన్నం తినే ఊళ్ల మధ్య పులిసిన గోధుమ పిండిని కాల్చే పొయ్యిలకు కంటోన్మెంట్లు గిరాకీ తెచ్చాయి. 1892లో కోల్‌కతాలో చిన్నగా మొదలైన బ్రిటానియా రెండో ప్రపంచ యుద్ధకాలంలో తన ఉత్పత్తిలో అత్యధిక భాగాన్ని సైనికుల బిస్కెట్లకే కేటాయించాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1961లో మైసూరులో రక్షణ శాఖ ఆహార పరిశోధన సంస్థను పెట్టింది. నెలల తరబడి పాడవని చపాతీల మీద పనిచేసింది అక్కడి శాస్త్రవేత్తలే. కాబట్టి సైనికుడు బేకరీలోకి రావడంలో నవ్వడానికేమీ లేదు. నవ్వేవారికి ఇంతకన్నా పెద్ద జవాబు అక్కర్లేదు.

ఇక అసలు సరుకేమిటో చూద్దాం. వంటింట్లో ఉప్పు తగ్గితే తర్వాత చల్లుకోవచ్చు. బేకరీలో ట్రే ఓవెన్‌లోకి వెళ్లాక చేయగలిగిందేమీ లేదు, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అందుకే బేకర్లు గుప్పెడు, చిటికెడు అనరు. మైదాను నూరు అనుకుని మిగతావన్నీ దానికి శాతాల్లో చెబుతారు. నీళ్లు 60, ఉప్పు 2, ఈస్ట్ ఇంత, చక్కెర ఇంత. పది కిలోలు కలిపినా రెండు వందల కిలోలు కలిపినా వరుస మారదు. వేడికీ లెక్క ఉంది. మంచి బ్రెడ్డుకు కలిపిన పిండి 26 డిగ్రీల దగ్గర ఉండాలనుకుందాం. దాన్ని మూడుతో గుణిస్తే 78. అందులోంచి గది వేడి, మైదా వేడి, మిక్సర్ రాపిడికి పుట్టే వేడి తీసేస్తే పోయాల్సిన నీళ్ల వేడి వస్తుంది. ఏప్రిల్ నెలలో విజయవాడ. గది 36, మైదా 34, రాపిడికి 12. మొత్తం 82. అంటే నీళ్లు మైనస్ 4 డిగ్రీలుండాలి! అలాంటి నీళ్లు ఏ కుళాయిలోనూ రావు. అందుకే ఐసు. కుళాయి నీళ్లు 30 డిగ్రీలుంటే, 30కీ మైనస్ 4కీ మధ్య తేడా 34. దాన్ని 110తో భాగించాలి. ఈ 110లో 30 కుళాయి నీటిది, 80 ఒక్కో గ్రాము ఐసు కరగడానికి పీల్చుకునే వేడిది. వచ్చినదాన్ని మొత్తం నీళ్లతో గుణించాలి. పది కిలోల మైదాకు ఆరు లీటర్లు కావాలి కాబట్టి అందులో దాదాపు 1.85 కిలోలు ఐసుగా వేసి, మిగతా నాలుగు లీటర్ల పైచిలుకు నీళ్లుగా పోయాలి. ఈ లెక్క వేయకుండా కలిపితే పిండి సమయానికన్నా ముందే పొంగి, పుల్లబారి, ట్రేలో నడుము విరిగినట్టు కూలబడుతుంది. మండువేసవిలో ఇవాళ బాగున్న బ్రెడ్డు రేపు ఎందుకు బాగాలేదో తెలియక మైదా కంపెనీని తిట్టే బేకరీలు లేకపోలేదు.

సైనికుడి పెంపకం పనికొచ్చేది ఇక్కడ. ఫిరంగి దళంలో దూరం, కోణం, గాలి చూసి లెక్కగట్టినవాడికి, వర్క్‌షాపులో ఇంజను విప్పి ఏ బోల్టు ఎంత బిగించాలో పుస్తకం చూసి బిగించినవాడికి, సిగ్నల్స్‌లో లాగ్‌బుక్ నింపినవాడికి ఈ పద్ధతి వింతగా ఉండదు. రాసి ఉన్నదాన్ని రాసినట్టే చేయడం, తప్పిన చోట ఎందుకు తప్పిందో ఆ రోజే రాసిపెట్టడం, డ్యూటీ మారేటప్పుడు తర్వాతి మనిషికి లెక్క అప్పజెప్పడం. మన చిన్న బేకరీల్లో కరువైనవి ఇవే. చాలాచోట్ల రెసిపీ అంతా మాస్టర్ బుర్రలో ఉంటుంది. ఆయన పండక్కి ఊరెళితే దుకాణం రుచి కూడా ఆయనతో బస్సెక్కుతుంది. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లోనో, సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లోనో తయారైన మనిషి ఈ పనికి తెచ్చే లాభం పొద్దున్నే లేవడం కాదు, కాగితం మీద పెట్టడం.

అయితే సైన్యంలో వంట చేసినవాడి మాటేమిటి, అతను సగం బేకరే కదా అనొచ్చు. కొంత నిజమే. నౌకాదళం తన చెఫ్‌లకు ముంబయి మలాడ్‌లోని ఐఎన్ఎస్ హమ్లాలో శిక్షణ ఇస్తుంది. పెద్ద ఓడల మీద వందలమందికి మూడు పూటలా వండాలి. ఓడ ఊగుతుండగా, చిన్న గదిలో, దొరికిన సరుకుతో చేయాలి. విశాఖలో స్థిరపడిన నేవీ చెఫ్ ఎవరైనా పెద్ద హోటల్ కిచెన్‌లోకి నేరుగా వెళ్లి నిలబడగలడు. కానీ ఉద్యోగం చేయడం వేరు, దుకాణం పెట్టడం వేరు. లంగర్ అనే సైనిక వంటశాలలో వండేవాడికి ముందురోజే తెలుస్తుంది రేపు తినేది 118 మంది అని. తలకి ఎన్ని గ్రాములో స్కేలు ఉంది. సరుకు డిపో నుంచి వస్తుంది, బిల్లు అతను కట్టడు. రుచి బాగాలేకపోతే గొణుగుతారు, తిడతారు, కానీ పక్క దుకాణానికి పోరు. సైన్యం అన్నీ నేర్పుతుంది, ధర పెట్టడం మాత్రం నేర్పదు. రేపు ఎంతమంది వస్తారో తెలియకుండా ఇవాళ రాత్రి పిండి కలపడం అంతకన్నా నేర్పదు.

ఆ తెలియకపోవడం ఎంత ఖరీదైనదో చిన్న లెక్కతో చూడొచ్చు. అంకెలు ఊహకే అయినా తీరు నిజం. ఒక దుకాణం రోజుకు నూరు బ్రెడ్లు కాలుస్తుందనుకుందాం. మైదా, అద్దె, కరెంటు, కూలీ అన్నీ కలిపి ఒక్కోదానికి 35 రూపాయలు పడింది, అమ్మేది 40కి. నూరూ అమ్ముడైతే 500 మిగులుతుంది. పన్నెండు మిగిలిపోతే? వచ్చింది 3,520, పెట్టింది 3,500. రాత్రంతా నిలబడ్డందుకు ఇరవై రూపాయలు. పదమూడోది కూడా మిగిలితే చేతి నుంచి ఇరవై పోతుంది. నూటికి పన్నెండో పదమూడో, అంతే తేడా. ఇది తెలిసిన పాత బేకరీలు మిగిలిన బ్రెడ్డును కోసి మళ్లీ కాల్చి రస్కు చేస్తాయి, కేకు తునకలను ఇంకో తీపిలోకి పంపిస్తాయి, పఫ్‌లు సాయంత్రం నాలుగు తర్వాతే వేడిగా బయటికి తీస్తాయి. వర్షం పడితే ఎగ్ పఫ్ గిరాకీ పెరుగుతుందనీ, పరీక్షల నెలలో పుట్టినరోజు కేకులు తగ్గుతాయనీ ఏ పుస్తకంలోనూ ఉండదు. కౌంటరు వెనక నిలబడి నేర్చుకోవాలి. అందుకు నెలలు పడతాయి. ఆ నెలల్లో ఇల్లు గడవాలి. మాజీ సైనికుడి బేకరీ నిలబడేదీ పడిపోయేదీ ఈ మాట దగ్గరే.

ఈ మాటను చట్టంలోనే పెట్టిన దేశం ఒకటుంది. 1944 జూన్ 22న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన చట్టానికి జనం పెట్టుకున్న పేరు జీఐ బిల్. యుద్ధం నుంచి వచ్చినవాడు చదువుకుంటే ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు ప్రభుత్వమే కడుతుంది. అంతకన్నా ముఖ్యం, చదువుకునే రోజుల్లో ఇంటి ఖర్చుకు ఒంటరివాడికి నెలకు 50 డాలర్లు, మీద ఆధారపడ్డవారుంటే 75. కాలేజీకే వెళ్లాలని లేదు, దుకాణంలో పనిచేస్తూ నేర్చుకున్నా వర్తిస్తుంది. ఈ పథకం 1956లో ముగిసేసరికి 78 లక్షలమంది వాడుకున్నారు. అందులో కాలేజీకి వెళ్లినవారు 22 లక్షలే, మిగతా 56 లక్షలమంది ఏదో ఒక పనిలో శిక్షణ తీసుకున్నవారు. జీఐ బిల్ అనగానే విశ్వవిద్యాలయాల కథే చెబుతారు గానీ, సంఖ్యల్లో అది చేతిపనుల చట్టం.

ఆ చట్టం నీడన 1946 మే నెలలో కనెటికట్ రాష్ట్రం న్యూ హేవెన్ పట్టణంలో ఒక దుకాణం గదిలో వంటల బడి మొదలైంది. పేరు న్యూ హేవెన్ రెస్టారెంట్ ఇన్‌స్టిట్యూట్. నడిపినవారు ఫ్రాన్సెస్ రాత్ అనే మహిళా న్యాయవాది. అండగా నిలిచినవారు యేల్ విశ్వవిద్యాలయం మాజీ అధ్యక్షుడి భార్య కేథరిన్ ఏంజెల్. ఇద్దరూ వృత్తిరీత్యా వంటవారు కారు. విద్యార్థులు యాభైమంది, యుద్ధం నుంచి తిరిగొచ్చినవారు. పాఠం చెప్పేవారు ముగ్గురు: ఒక పోషకాహార నిపుణురాలు, ఒక చెఫ్, ఒక బేకర్. కోర్సు పదహారు వారాలు. నేర్పే వంటకాలు 78, జనం హోటళ్లలో మామూలుగా అడిగేవి. ముగ్గురు ఉపాధ్యాయుల్లో ఒకరు బేకర్ కావడం గమనించాలి. బేకింగ్ వంటకు అనుబంధం కాదని వాళ్లకు మొదటిరోజే తెలుసు. ఆ గది బడి మరుసటి ఏడాదే యేల్ పక్కనున్న ఏంజెల్ ఎస్టేట్‌కు మారింది. 1951లో కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా అని పేరు మార్చుకుంది, 1972లో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌కు వెళ్లింది. ఇవాళ ప్రపంచంలో పేరున్న వంట విద్యాలయాల్లో అది ఒకటి. బేకింగ్, పేస్ట్రీకి ప్రత్యేక డిగ్రీ ఉంది. మాజీ సైనికులు ఇప్పటికీ ప్రభుత్వ ఖర్చుతో అక్కడ చేరుతున్నారు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. అమెరికా డబ్బున్న దేశం, మనకు కుదురుతుందా అన్నది మొదటిది. రెండోది ఇంకా గట్టిది: అక్కడా ఆ డబ్బు కోసం రాత్రికి రాత్రి పుట్టుకొచ్చిన నకిలీ శిక్షణ సంస్థలు కోకొల్లలు. ఫీజు నేరుగా బడికి వెళ్లేది కాబట్టి, నేర్పినా నేర్పకపోయినా బిల్లు పాసయ్యేది. ఆ అనుభవంతోనే 1952లో కొరియా యుద్ధ సైనికుల కోసం చేసిన కొత్త చట్టంలో డబ్బు సైనికుడి చేతికే ఇచ్చి, ఫీజు అతన్నే కట్టుకోమన్నారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు ఈ చట్టం ఫలం సరిగా దక్కలేదన్నది ఇంకో చేదు నిజం. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. కానీ ఇవి పథకం నడిపిన తీరు మీద అభ్యంతరాలు. నేర్చుకునే కాలానికి భత్యం ఇవ్వాలన్న మూలసూత్రాన్ని ఇవి కొట్టేయవు. డబ్బున్న దేశం అన్నదానికి జవాబు మన పథకాల్లోనే ఉంది. మనం ఖర్చు పెట్టడం లేదని కాదు, వేరేచోట పెడుతున్నాం.

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకాన్నే చూడండి. అందులో మాజీ సైనికులు ప్రత్యేక వర్గం. జేబు నుంచి పెట్టాల్సింది ఐదు శాతమే. సబ్సిడీ పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం. మంచిదే. కానీ ఆ సబ్సిడీ దేనికి? ప్రాజెక్టు ఖర్చుకు: షెడ్డు, ఓవెన్, మిక్సర్, కొంత నిర్వహణ ఖర్చు. కొద్దిరోజుల వ్యాపార శిక్షణ ఉంటుంది గానీ అది బ్యాంకు కాగితాలకు సరిపోతుంది, పుల్లబారిన పిండికి సరిపోదు. ఐటీఐల్లో బేకర్, కన్ఫెక్షనర్ అని ఏడాది ట్రేడు ఉంది, హోటల్ మేనేజ్‌మెంట్ కళాశాలల వ్యవస్థలో ఏడాదిన్నర డిప్లొమా ఉంది. నలభై ఏళ్ల హవల్దార్ ఆ ఏడాదంతా ఇంటికి ఏం పంపాలి అన్న ప్రశ్నకు మాత్రం ఏ దరఖాస్తు ఫారంలోనూ గడి లేదు. ప్రభుత్వం యంత్రానికి సాయం చేస్తుంది, చేయి తిరగడానికి చేయదు. చేయి తిరగనివాడి యంత్రం ఏడాది తిరక్కుండా సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వస్తుంది. అదృష్టం ఏమిటంటే పింఛను వచ్చే సైనికుడికి ఆ పింఛనే జీఐ బిల్ భత్యంలా పనిచేయగలదు, దాన్ని ఈఎంఐకి తాకట్టు పెట్టకుండా ఉంటే. నెల నెలా వచ్చే ఆ సొమ్ము నేర్చుకునేవాడికి కొండంత అండ.

అగ్నివీరుల విషయంలో ఆ అండ కూడా లేదు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ నియామక పథకం ప్రకారం నాలుగేళ్ల తర్వాత కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం. మిగతావారు దాదాపు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇంటికొస్తారు. పింఛను లేదు, నిబంధనల ప్రకారం మాజీ సైనికుడి హోదా కూడా లేదు. అంటే ఆ హోదా మీద దొరికే రాయితీలు వీరికి వాటంతట అవే వర్తించవు. తొలి బ్యాచ్‌లు 2022 చివర, 2023 మొదట్లో శిక్షణ మొదలుపెట్టాయి కాబట్టి వారి నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి. వయసు ఇరవై రెండో, ఇరవై ఐదో. చేతిలో ఒక్కసారే పదకొండు లక్షలు. ఓవెన్ డీలరుకీ, ఫ్రాంచైజీ అమ్మేవాడికీ ఇంతకన్నా మంచి బేరం దొరకదు. ఆ సొమ్ములో లక్షో, లక్షన్నరో పక్కన పెట్టి ఏడాది పాటు వేరేవాళ్ల బేకరీలో తక్కువ జీతానికి పనిచేయమంటే ఇంట్లోవాళ్లకు అది పిచ్చిగా తోచవచ్చు. లెక్క ప్రకారం మాత్రం అదే చవక.

బేకింగ్ వంశపారంపర్యంగా రావాల్సిన విద్య, మధ్యలో వచ్చినవాడికి అబ్బదు అనేవారూ ఉన్నారు. చరిత్ర వారి పక్షాన లేదు. బెంగళూరు అయ్యంగార్ బేకరీలకు ఆద్యుడిగా చెప్పే తిరుమలాచార్ హాసన్ ప్రాంతం నుంచి వచ్చి స్వీట్ల కొట్టు నడిపిన మనిషి. ఓ ఆంగ్లేయుడి దగ్గర బేకింగ్ నేర్చుకుని 1898లో చిక్‌పేటలో బేకరీ పెట్టారని చెబుతారు. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌లో 1953లో కరాచీ బేకరీ తెరిచిన ఖాన్‌చంద్ రామ్నానీ దేశ విభజనలో సింధ్ నుంచి వచ్చిన కుటుంబంవారు. ఒకరు వృత్తి మార్చుకున్నారు, ఒకరు ఊరే మార్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర బేకరీకి పేరు తెచ్చింది ఇలా మధ్యలో వచ్చినవారే.

వయసు, హోదా అనే చిక్కు మాత్రం నిజమైనది. ఇరవైమందికి ఆర్డరు వేసిన సుబేదారు, పాతికేళ్ల మాస్టర్ పక్కన నిలబడి ట్రేలు తుడవాలి, ఆ కుర్రాడు ‘అలా కాదు సార్, మడత ఇటు’ అంటే వినాలి. సైన్యంలో ర్యాంకు భుజం మీద కనిపిస్తుంది. బేకరీలో అది వేళ్లలో ఉంటుంది, చూస్తే తెలియదు. ఇది మింగుడుపడని వాళ్లు ఏడాది నేర్చుకునే దశను దాటేసి నేరుగా యజమాని కుర్చీలో కూర్చుంటారు, మాస్టర్‌ను జీతానికి పెట్టుకుంటారు, ఆయన వెళ్లిపోయిన రోజున షట్టర్ దించుతారు. ఒంటి సంగతీ చూసుకోవాలి. ఓవెన్ ముందు వేడి, రాత్రి నిద్ర లేకపోవడం, యాభై కిలోల మైదా బస్తాలు, గాల్లో తేలే పిండి. ఆ పిండి ఏళ్ల తరబడి పీల్చడం వల్ల వచ్చే ఉబ్బసానికి వైద్యంలో బేకర్ల పేరే పెట్టారు. నడుము దెబ్బతినో, ఊపిరితిత్తులు చెడో వైద్య కారణాలతో బయటికొచ్చినవారికి ఇది సరైన పని కాదు. పిండి పిసుకుతుంటే యుద్ధం తాలూకు అలజడి తగ్గుతుందని ఈ మధ్య ముచ్చటగా చెబుతున్నారు. ఇంట్లో ఆదివారం పూట ఒక బ్రెడ్డు చేసుకుంటే తగ్గుతుందేమో. వందల బ్రెడ్ల ఆర్డరు ముందు, మిక్సర్ హోరులో, కరెంటు పోయిన రాత్రి అది మందులా పనిచేస్తుందని నమ్మి డాక్టరును మానేయడం మంచిది కాదు.

ఇవన్నీ తెలిసీ ఈ పనికి వద్దామనుకునే జవానుకు సైన్యం ఇచ్చిన అలవాటొకటి మొదటిరోజు నుంచే అక్కరకొస్తుంది. నేర్చుకునే బేకరీలో, కౌంటరు మూసే వేళకు ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీసుకోవాలి: ఎన్ని కాల్చారు, ఎన్ని మిగిలాయి, ఆ రోజు వాతావరణం ఏమిటి, ఊళ్లో ఏ పండగో పరీక్షో ఉందా. యజమాని అడిగినా అడక్కపోయినా రాయాలి. ఒక ఉగాది నుంచి ఇంకో ఉగాది దాకా ఆ పుస్తకం నిండాకే తన దుకాణానికి అద్దె అడ్వాన్సు కట్టాలి.